అన్నయ్య బయట కూర్చున్న గంట

"వారసత్వ ప్రాణాలిక…" అని ఫోన్లో, సంస్థలకి శిక్షణ ఇచ్చే మేడం గొంతు వినిపించింది. లైను గరగరమంది. మళ్లీ "…ముందే చూసుకోవాలి కదా సార్" అని తేలేసరికి అన్నయ్య గుండె ఒక మెట్టు దిగింది. ప్రాణాలిక ఏమిటి, ప్రాణాలిక ఎన్నాళ్లనా, ప్రాణాలిక పోయినట్టేననా? మొన్నటి టైఫాయిడ్ రక్తపరీక్షల్లో తనకి చెప్పకూడని సంగతేదో తేలి, అది ఈవిడ దాకా పాకి, ఈవిడ మర్యాదగా బయటపెడుతోందనుకున్నాడు. భార్యకి చెప్పాడు. భార్య ఆయన చెల్లెలికి చెప్పింది. చెల్లెలు సాయంత్రానికల్లా సంచీ నిండా పళ్లతో దిగి, గుమ్మంలోనే "ఎన్నాళ్లన్నారు వదినా?" అని బావురుమంది. మర్నాడు మేడం స్వయంగా వచ్చి గోడకి తెల్లచార్టు అంటించి, ఎర్ర స్కెచ్‌పెన్నుతో 'వారసత్వ ప్రణాళిక' అని రాసి, మీ తర్వాత ఈ సంస్థని ఎవరు నడుపుతారో, ఎలా నడుపుతారో ముందుగా అనుకుని పెట్టుకోవడమే సార్ అని చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరి ముఖానా నెత్తురు లేదు. రెంటికీ తేడా ఒక దీర్ఘమూ ఒక 'ళ'కారమే అని అందరూ దీర్ఘంగా నవ్వుకున్నారు గానీ, ఇవాళ, ఈ వెనక కొట్టులో ఒంటరిగా నిలబడ్డ అన్నయ్యకి మాత్రం ఆ తేడా అంతకంతకీ చిన్నదైపోతోంది.

కొట్టు పొడుగ్గా ఉంటుంది, పైన రేకు, సందులోకి తెరుచుకునే వెడల్పాటి తలుపు. ఆ తలుపులోంచి చక్రాల కుర్చీలు, మర తిప్పితే తల ఎత్తే మంచాలు, వాకర్లు, ఊతకర్రలు వెళ్తుంటాయి, వస్తుంటాయి. మంచాన పడ్డ మనిషున్న ఏ ఇంటికైనా ఊరికే ఇస్తారు, అవసరం తీరాక తెచ్చుకుంటారు, కడిగి, బిగించి, ఇంకో ఇంటికి పంపుతారు. సంస్థ చేసే పని ఇంతే, కానీ ఈ 'ఇంతే'లో అన్నయ్య జుట్టంతా తెల్లబడింది. ఇటు గోడకి ఇంకో తలుపు, దాని అవతల ముందుగది, ఆ గదిలో ఇప్పుడు చార్టు మేడం, ఆవిడ చుట్టూ నలుగురు. షరతేమిటంటే ఆ నలుగురూ కూర్చుని, వచ్చే నెల నుంచి పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలో తేల్చాలి; అన్నయ్య గంటసేపు లోపలికి రాకూడదు, ఎవరినీ పిలవకూడదు, ఎవరొచ్చి ఏమడిగినా సంస్థ తరఫున నోరు విప్పకూడదు; వాళ్లు ఎవరి పేరు చెబితే వాళ్లే. ఫోను కూడా మేడం తీసేసుకుని బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టింది. ఒప్పుకున్నది ఆయనే. ఆ మేడాన్ని వెతికి పిలిపించిందీ ఆయనే. ఎంత తెలివైనవాడో చూడండి, తన మీద తనే నిఘా పెట్టించుకున్నాడు.

గంట గడవాలంటే గోడకి గడియారం ఉండకూడదు. ఇక్కడ ఉంది. చిన్నముల్లు కదలదు, పెద్దముల్లు గుచ్చుతుంది. అన్నయ్య ఒక వాకరుని అటు జరిపాడు, చూశాడు, మళ్లీ ఇటు జరిపాడు. ఏం మాట్లాడుకుంటున్నారు? మొదట తాళంకప్ప బాబాయి మాట్లాడి ఉంటాడు, పెద్దవాడు కదా. కోశాధికారి, డెబ్భై దాటినా బీరువా తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. అలాంటాయన కూడా ఈయన్ని అన్నయ్యా అనే పిలుస్తాడు, ఈయనేమో తిరిగి బాబాయ్ అంటాడు, వరస కుదరకపోయినా సంస్థ కుదిరింది. వీధిలో కూరగాయలామె దగ్గర్నుంచి ఆస్పత్రి పెద్దడాక్టరు దాకా ఊరందరికీ ఆయన అన్నయ్యే, భార్య ఒక్కతే ఇంకోలా పిలుస్తుంది, అదీ ఎప్పుడన్నా ఇంటికొచ్చినప్పుడు. బాబాయి గొంతు సవరించుకుని "మన అన్నయ్య ఉన్నంతకాలం…" అని మొదలుపెట్టి ఉంటాడు. మొదలుపెట్టాలి. పెట్టకపోతే? పెడితే మాత్రం ఏం, అదే కదా జబ్బు, మేడం చెప్పిన జబ్బు. కానీ ఒక్కసారి అంటే ఏం పోయింది, వినడానికి బాగుంటుంది, విన్నాక కాదందాం.

చార్టు గుర్తొచ్చింది. మొదటిరోజే ఆవిడ ఒక్కొక్కరినీ అడిగింది, మీకు అనుమానమొస్తే ఎవరినడుగుతారు? అన్నయ్యని. బండి ఎటు పోవాలో ఎవరు చెబుతారు? అన్నయ్య. మంచం విరిగితే? అన్నయ్య. టీలో పంచదార? అదీ అన్నయ్యే, ఆయనకి మనసొచ్చినంత. ఒక్కో జవాబుకీ ఆవిడ ఒక్కో గీత గీసింది, గీతలన్నీ మధ్యలో ఒక గుండ్రం దగ్గరికి వచ్చి చేరాయి. "సాలీడు బాగా కుదిరింది మేడం" అన్నాడు పానా, సంస్థ మెకానిక్కు, జేబులో పానా లేకుండా పెళ్లికి కూడా పోనివాడు. వర్క్‌షాపు అని చెబితే నట్లూ బోల్టులూ కిరోసిను డబ్బా పట్టుకుని వచ్చేసిన మనిషి. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు, ఆ గుండ్రంలో తన పేరు చూసుకుని లోపల్లోపల కాస్త పొంగాడు కూడా. రాత్రి అన్నం తింటుంటే తట్టింది, అన్ని గీతల్లో ఒక్కటి కూడా పానా దగ్గర్నుంచి డ్రైవరుకి పోలేదు, డ్రైవరు దగ్గర్నుంచి బాబాయికి పోలేదు. తను లేచి పక్కకి తప్పుకుంటే కాగితం మీద మిగిలేది నలుగురు మనుషులూ, నాలుగు తెగిన దారాలూను. నాయకుడు అన్న మాటలో మొదటే 'నా' ఉంది, నేనేం చేయను అని భార్యతో అంటే, ఆవిడ ముద్ద కలుపుతూ, "చివర 'డు' కూడా ఉంది, ఎవరినైనా చెయ్యనివ్వండి" అంది. వెటకారంలో ఆవిడ తనకి గురువు.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో లేచారు. ఎవరు? ఎందుకు లేచారు? కోపమా? గేరు అయితే లేవడు. ఆ డ్రైవరు మాటలోనూ నడకలోనూ ఎప్పుడూ రెండో గేరే, లేవాలని అనుకున్నాక లేచేలోగా సమావేశమే అయిపోతుంది. హలో అయి ఉంటుంది. ఫోన్ల దగ్గర కూర్చునే మనిషి, "హలో, చెప్పండి, ముందు ఊపిరి తీసుకోండి" అని మొదలుపెడుతుంది కాబట్టి హలో. ముప్ఫై దాటిన పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, నోరు మాత్రం ముందు నడుస్తుంది, మనిషి వెనక వస్తుంది. ఒకసారి ఒక వ్యాపార సంఘం పెద్దమనిషి కొత్త కుర్చీ ఒకటి తెచ్చి, దాన్ని ఎవరైనా కాళ్లు లేని మనిషికి తన చేత్తో ఇస్తూ ఫొటో దిగాలన్నాడు. హలో వెంటనే "కుర్చీ ఉంచండి సార్, ఫొటో మాత్రం కుదరదు, తీసుకునేవాళ్లకి సిగ్గుగా ఉంటుంది" అనేసింది. అన్నయ్య గేటు దాకా ఆయన వెంట పరిగెత్తి, చిన్నపిల్లండీ, తెలీదండీ, అని బతిమాలి వెనక్కి తెచ్చి, చివరికి తనే ఆ కుర్చీలో కూర్చుని ఫొటో దిగాడు. ఆ ఫొటో ఇంకా పెద్దమనిషి దుకాణంలో వేలాడుతోంది, కింద 'అభాగ్యుడికి ఆసరా' అని. అన్నయ్యకి జీవితంలో రానిది ఒక్కటే మాట, కుదరదు. ఆ పిల్లకి ముందొచ్చేది ఆ మాటే. ఆ పిల్లని గనక తేలిస్తే… తేల్చరు. తేల్చకూడదు. లేక తేల్చాలా?

తను అసలు కుర్చీలమ్ముకునేవాడు. ఫర్నిచరు దుకాణంలో అమ్మకాల మనిషి; నిలబడి కుర్చీలమ్మడం అదో వింత, పగలంతా పక్కనే ఇన్ని కుర్చీలుంటాయి, ఒక్కదాంట్లో కూర్చోకూడదు. అమ్మకి నడుం పడిపోయినప్పుడు జీతమంతా పోసి చక్రాల కుర్చీ కొన్నాడు. ఆవిడ అందులో కూర్చుని వంటింటికీ వసారాకీ మధ్య దొరసానిలా తిరిగి, అందరి మీదా కేకలేసి, ఒక చలికాలం పోయింది. కుర్చీ మిగిలింది. హాల్లో అడ్డంగా, ఎవరికి వాళ్లు కాలివేళ్లు కొట్టుకుంటూ, ఎవరూ తీసెయ్యమనకుండా. పక్కవాటాలో సంగీతం టీచరు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే తీసుకెళ్లి ఇచ్చాడు. ఆవిడ నయమయ్యాక ఆ కుర్చీతో పాటు ఇంకోటి కలిపి పంపింది, "జోడీగా ఉంటాయి" అని చీటీ రాసి. అలా మొదలైంది. వీల్‌ఛైరు అంటే ఎవరికి వీలైతే వాళ్లు వాడుకునే ఛైరు, అని అందరికీ చెప్పేవాడు, వినేవాళ్లు నవ్వేవాళ్లు, తర్వాత తర్వాత విని విని నవ్వడం మానేశారు, ఆయన చెప్పడం మానలేదు.

ఆ తర్వాత ప్రతి కుర్చీకీ పేరు. నంబర్లు వేద్దామని బాబాయి ఎన్నిసార్లన్నా అన్నయ్య ఒప్పుకోలేదు, మనుషులకి వేస్తున్నారు చాలదా అనేవాడు. ఏ ఇంటికి పోయివస్తే ఆ ఇంటి పేరు: జడ్జిగారిది, దర్జీగారిది, గయ్యాళిది, కవలపిల్లలది. ఇల్లు మారితే పేరు మారుతుంది. నిన్న జడ్జిగారిది ఇవాళ మంగలిగారిది. ఇదంతా ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. జ్వరంతో మంచం మీద పడున్నప్పుడు, మాట తడబడుతూనే ఫోన్లో "జడ్జిగారిది ఇవ్వండి" అన్నాడు. గేరు నిజంగానే జడ్జిగారింటికి బండేసుకుని పోయి, శుభ్రంగా నడుస్తున్న జడ్జిగారిని "మీది ఇచ్చెయ్యమన్నారండీ" అని అడిగాడు. ఆయన తనది ఏమివ్వాలో తెలియక వాకిట్లో తన పడక్కుర్చీ ఎత్తి ఇచ్చేశాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ జ్వరం రోజుల్లోనే ఇంకొకటి జరిగింది, దానికి నవ్వు రాదు. తల్లికి మంచం కావాలని ఒకామె వచ్చింది. మంచాలు ఉన్నాయి, ఈ కొట్టులోనే, ఇదిగో ఈ గోడకే ఆనించి ఉన్నాయి. ఏది ఇవ్వాలో అన్నయ్యకే తెలుసు, అన్నయ్య లేచాక రండమ్మా అని నలుగురూ నాలుగు నోళ్లతో చెప్పి పంపారు. లేచాక, కాళ్లు వణుకుతుంటే గోడ పట్టుకుని నడిచొచ్చి ఆయనే ఆమెకి ఫోన్ చేశాడు. "ఇప్పుడు అవసరం లేదండీ" అంది. అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ 'ఇప్పుడు' మాత్రం ఆయన చెవిలోంచి ఇవాళ్టికీ పోలేదు. మర్నాడే వాకబు చేసి ఈ మేడాన్ని పిలిచాడు, వచ్చి మమ్మల్ని గట్టిపరచండి అని.

నవ్వు. అవతలి గదిలో పెద్దగా నవ్వు, నలుగురిదీ, మేడంతో సహా. పోట్లాట అయితే బాగుండేది. పోట్లాడుకుంటే తీర్చడానికి తను కావాలి, నవ్వుకుంటే తనెందుకు? ఎవరి మీద నవ్వుతున్నారు? పడక్కుర్చీ సంగతా? కాళ్లు వాటంతటవే నడిచి తలుపు దగ్గరికి చేరాయి, చెవి దానంతటదే చెక్కకి ఆనింది, మోచెయ్యి మాత్రం గోడకున్న ఊతకర్రలకి తగిలింది. ఒకటి పడింది, అది ఇంకోదాన్ని పడగొట్టింది, ఆ వరసంతా ఒకదాని మీద ఒకటి వాలి, చివరికి అల్యూమినియం వాకరు మీద తాళం వేసినట్టు ముగిసింది.

"అన్నయ్యా!" అని లోపల్నుంచి పానా కేక. "చెవులు కనబడుతున్నాయి!"

"సార్, వెనక్కెళ్లి కూర్చోండి ప్లీజ్" అంది మేడం గొంతు.

"ఎలక!" అన్నాడు అన్నయ్య.

"ఆ ఎలకని కూడా కూర్చోమనండి" అంది హలో. మళ్లీ నవ్వు.

దొంగలా వెనక్కి వచ్చాడు. ఎప్పుడూ కూర్చోని మనిషికి కూర్చోమంటే ఎక్కడ కూర్చోవాలో తెలియదు. మోకాళ్లు లాగుతున్నాయి, టైఫాయిడ్ పోతూ పోతూ మోకాళ్లలో ఏదో మరిచిపోయి వెళ్లింది. అందుబాటులో ఉన్నది చక్రాల కుర్చీ, అందులోనే కూలబడ్డాడు. చేతులు ఊరుకోవు కదా, పక్క అరలోంచి దుప్పటి తీసి మడత విప్పి మళ్లీ మడిచాడు, నచ్చలేదు, విప్పి ఒళ్లో పరుచుకున్నాడు. కింద పడ్డ ఊతకర్ర ఒకటి ఏరి ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. చక్రాన్ని అరచేత్తో కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ తోస్తూ, ఊరందరూ తనని చక్రం తిప్పేవాడంటారు, తిప్పడమంటే ఇదేనా, ముందుకెంతో వెనక్కీ అంతే, ఉన్నచోటే ఉండి? కుర్చీలు పంచేవాడికి కుర్చీ వదలడం ఇంత కష్టమా అని బావమరిది ఎకసెక్కాలాడాడు. కుర్చీ కాదురా, దానిలో కూర్చుంటే ఎవరికో కావలసివచ్చేవాణ్ని. కావలసిరావడం అలవాటైతే మానడం పొగతాగడం మానడంలాంటిది, చెయ్యి జేబులోకి పోతూనే ఉంటుంది. తన జేబులో ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది, ఊతకర్రల మధ్య పెరిగిన ఊతపదం, 'నేను చూసుకుంటాలే'. ఆ ఒక్క మాటతో ఎంతమంది చేతుల్లోంచి ఎన్ని పనులు లాక్కున్నాడో. ఇప్పుడు లోపల ఎవరైనా ఆ మాట అంటున్నారా? ఎవరి గొంతుతో? బాబాయి గొంతులో ఊహించాడు, దగ్గొచ్చింది. పానా గొంతులో, పానా కింద పడింది. హలో గొంతులో ఊహించాడు, చక్కగా వినిపించింది, వినిపించినందుకు ఒళ్లంతా చిరాకు పుట్టింది.

సందువైపు తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, మోచేతుల దాకా పిండి, చొక్కా నిండా కాల్చిన రొట్టె వాసన. ఆయాసపడుతున్నాడు.

"ముందు తలుపుకి సమావేశం అని అట్ట తగిలించారండీ, గంట తర్వాత రమ్మని. నాకు గంట లేదు. మీరిక్కడి మనిషా?"

అన్నయ్య నోరు తెరిచాడు. షరతు అడ్డొచ్చింది. "కాదండీ… ఇవాళ కాదు" అన్నాడు.

"నేను బేకరీలో పనిచేస్తాను. మా అత్తగారికి ఓ పక్క పడిపోయింది. ఇంకాసేపట్లో ఆస్పత్రి నుంచి పంపించేస్తారట, ఇంట్లో మంచం నేలబారుది, లేపలేం. మంచం ఇస్తారని ఎవరో చెప్తే పని మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చా. ఎవరినడగాలి?"

ఎవరినడగాలి. నాలుక చివర ఉంది జవాబు, ఇన్నేళ్లుగా అక్కడే కాపురముంది. నేను చూసుకుంటాలే. నాలుగు మాటలడిగితే చాలు: గుమ్మం వెడల్పెంత, మెట్లున్నాయా, గదిలో మంచం తిరుగుతుందా, రాత్రి పక్కనెవరు. మంచం ఇదిగో, ఎడమ గోడకి రెండోది, నిన్న తిరిగొచ్చినది. లేచి చెయ్యేస్తే అయిపోతుంది, ఈయన దండం పెడతాడు, ఆ దండం కోసమేనా ఇదంతా, ఛ, కాదు, కొంచెం. లేస్తే గంట పాడవుతుంది. లేవకపోతే ఈయన కూడా రేపు ఫోన్లో 'ఇప్పుడు అవసరం లేదండీ' అంటే? చేతులు చక్రాల మీద బిగుసుకున్నాయి. "లోపలున్నారు. వాళ్లనే అడగాలి. నేను చెప్పకూడదు" అన్నాడు, చెమటలు పట్టి.

ఆ మనిషి అప్పుడు ఆయన్ని పరకాయించి చూశాడు. దుప్పటి, ఊతకర్ర, మాసిన గడ్డం, చెమట.

"పాపం, మీరెంతసేపట్నుంచి ఆగారు పెద్దాయనా?"

"చాలాసేపయింది."

"ఒక్కరూ వచ్చి పలకరించలేదా?"

"పలకరించకూడదండీ. షరతు."

"షరతా! కాళ్లు లేని మనిషికి షరతులా?"

"కాళ్లున్నాయి. నొప్పి. జ్వరం తర్వాత."

"ఇంట్లోవాళ్లెవరూ వెంట రాలేదా?"

"మావాళ్లు ఆ గదిలోనే ఉన్నారు" అన్నాడు అన్నయ్య, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా. "నా గురించే మాట్లాడుకుంటున్నారు. ఇంక నన్ను ఉంచుకోవాలా వద్దా అని."

బేకరీ మనిషి ముఖం పొయ్యిలా ఎర్రబడింది. "మా అత్తగారు నన్ను పెళ్లిరోజు నుంచి తిడుతూనే ఉందండీ, అయినా ఆవిణ్ని ఉంచుకోవాలా వద్దా అని మీటింగు పెట్టలేదు మేము. పట్టుకోండి గట్టిగా!" అని కుర్చీ వెనక్కి వచ్చి పిడులు పట్టుకున్నాడు. అన్నయ్య "అయ్యో, వద్దండీ, గంట కాలేదు" అంటూనే ఉన్నాడు. పాదాలు పెట్టుకునే పలకలు రెండూ ఢామ్మని తలుపుకి కొట్టుకున్నాయి, తలుపు తెరుచుకుంది, కుర్చీ ముందుగది మధ్యలోకి బాణంలా వచ్చి ఆగింది.

ఒక్క క్షణం. ఐదు ముఖాలు. అన్నయ్య వాళ్లని అలా ఎప్పుడూ చూడలేదు, తనూ కూర్చుని, కళ్లకి కళ్లు సమంగా. తను నిలబడి ఉంటే కనిపించేది వాళ్ల నడినెత్తులే. తర్వాత అందరూ ఒక్కసారి లేచారు.

"అన్నయ్యకేదో అయింది!" అని బాబాయి గుండె పట్టుకున్నాడు.

"ఎవరూ మీద పడొద్దు, గాలాడనివ్వండి" అంది హలో. అప్పటికే ఆయన ముందు మోకాళ్ల మీద ఉంది. "గేరన్నా, బండి గుమ్మంలోకి. పానా, చక్రాలు కదలకుండా బిగించు. బాబాయ్, మీరు కూర్చోండి, మీక్కూడా ఏదైనా అయితే బండిలో చోటు లేదు. అన్నయ్యా, నన్ను చూడండి. రెండు చేతులూ ఎత్తండి."

ఎత్తాడు. ఊతకర్ర జారి పానా నెత్తిన పడింది.

"నవ్వండి."

"నాకేం… అది కాదమ్మా…"

"మాట తడబడుతోంది" అంది మేడం.

"నవ్వండి అన్నయ్యా!"

నవ్వాడు. ఇంత సిగ్గులో నవ్వు తిన్నగా ఎలా వస్తుంది, అది ఒక పక్కకి పోయింది. "మూతి వంకర!" అని బాబాయి కేకేశాడు. "ఆయన నవ్వు ఎప్పుడూ అంతే, నాకు జీతం ఇచ్చేటప్పుడు చూడాలి" అన్నాడు పానా, చక్రం బిగిస్తూ. గేరు ఎప్పుడు వెళ్లాడో, బయట బండి అప్పుడే రంకెలేస్తోంది, ఆ మనిషికి నాలుగో గేరు కూడా ఉందని అన్నయ్యకి ఇన్నేళ్లకి తెలిసింది. ఇంతమంది ఇన్ని పనులు చేస్తున్నారు, 'ఏం చెయ్యమంటారు అన్నయ్యా' అని అడగడానికి ఆయనకి ఒక్కరూ మిగల్లేదు. "నీళ్లు ఇవ్వచ్చా?" అని బాబాయి అడిగాడు. హలోని అడిగాడు. "బండెక్కించాలా?" అని కిటికీలోంచి గేరు అరిచాడు, హలో వైపే చూస్తూ. ఎవరిని తేల్చారో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. గుండెలో ఏదో కలుక్కుమంది, పన్ను ఊడిన చోట నాలుక పోయినట్టు మనసు ఒకసారి అక్కడికి పోయి వచ్చింది.

లేచి నిలబడ్డాడు.

బేకరీ మనిషి రెండడుగులు వెనక్కి వేసి గోడకి అతుక్కున్నాడు. "లేచాడు! ఒక్క తిట్టుకే లేచాడు!"

"నాకేం కాలేదు" అన్నాడు అన్నయ్య. "నేను బాగానే ఉన్నాను. ఈయనకి మంచం కావాలి, అదీ సంగతి. అసలేం జరిగిందంటే…"

హలో మాత్రం ఆ అసలు కోసం ఆగలేదు. ఒక్కసారి కళ్లు మూసుకుని, ఊపిరి వదిలి, చెంగుతో ముఖం తుడుచుకుని బేకరీ మనిషి వైపు తిరిగింది. "చెప్పండి. ముందు ఊపిరి తీసుకోండి. ఎవరికి?"

ఆయన చెప్పాడు. ఆమె అడిగింది. గుమ్మం వెడల్పు అడిగింది, మెట్లు అడిగింది, గదిలో మంచం తిరుగుతుందా అనీ, రాత్రి పక్కన ఎవరుంటారనీ అడిగింది. అన్నీ తను అడిగేవే, ఆ వరసలోనే, ఇవి ఎప్పుడు నేర్చుకుంది, తను పక్కన నిలబడి చెబుతుంటే వింటున్నట్టే ఉండేది కాదు. చివర ఇంకొకటి అడిగింది.

"ఆవిడకిష్టమేనా? ఆస్పత్రి మంచం ఇంటికి తెస్తున్నామని చెప్పారా?"

బేకరీ మనిషి మోచేతి పిండి దులుపుకున్నాడు. "చెప్పలేదండీ. తిడుతుందని."

"దారిలో నేను మాట్లాడతాను. ఆవిడ నంబరివ్వండి."

అన్నయ్య ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. ఇన్ని మంచాలు ఇచ్చాడు, ఇన్ని గుమ్మాలు కొలిచాడు, ఆ మంచంలో పడుకోబోయే మనిషిని ఏనాడూ ఇష్టమేనా అని అడగలేదు. తన అమ్మని కూడా.

"ఎడమ గోడకి రెండోది" అన్నాడు ఉండబట్టలేక. "కానీ దాని మర పట్టేస్తుంది, నేను చూసుకుం…"

"నిన్ననే చేసేశాం" అన్నాడు పానా. "హలో చూడమంటే."

అందరూ కొట్టులోకి నడిచారు. మంచం గోడ నుంచి లాగారు. పానా ఒక పక్క, బేకరీ మనిషి ఒక పక్క, బాబాయి దూరంగా నిలబడి సలహాలు. అన్నయ్య మధ్యలో నిలబడి, ఎటు నిలబడాలో తెలియక, "అసలేం జరిగిందంటే" అని మళ్లీ ఎత్తుకున్నాడు.

"నడుస్తూ చెప్పండి అన్నయ్యా" అంది హలో, చెవి దగ్గర ఫోను పెట్టుకుని. "ముందు ఆ చివర పట్టుకోండి."

"తలవైపా, కాళ్లవైపా?"

"కాళ్లవైపు."

పట్టుకున్నాడు. బరువుంది. తలుపువైపు వీపు పెట్టి వెనక్కి నడుస్తూ, ఆయాసపడుతూ, వరసగా అందరికీ చెప్పాడు. ఈ గంటకి నేను సంస్థ మనిషిని కాదన్నానా, అన్నాను, అది మేడం పెట్టిన షరతు. కాళ్లు నొప్పి అన్నాను, అదీ నిజమే. మావాళ్లు నన్ను ఉంచుకోవాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారన్నాను, అదీ నిజమే కదా. ఈయనేమో ముసలాణ్ని ఇంట్లోవాళ్లు వదిలించుకుంటున్నారనుకున్నాడు, మీరేమో నాకు పక్షవాతమనుకున్నారు, నేను మాత్రం మోకాళ్లు లాగుతుంటే కాస్త కూర్చున్నాను, అంతే, ఇంకేం లేదు.

బేకరీ మనిషికి అర్థమయ్యేసరికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక ఆయన నవ్వు ఆగలేదు, ఆయన్ని చూసి పానాకి ఆగలేదు, మంచం ఒక పక్కకి ఒరిగింది.

"నవ్వకండి, గోడ!" అంది హలో. "అన్నయ్యా, కొంచెం కుడికి. ఇంకో అడుగు. గడప ఉంది, చూసుకోండి."

అన్నయ్య తిరిగి చూడలేదు. ఆమె చెప్పినచోట కాలెత్తి వేశాడు.